సిగ్నల్ లేనికాడ పర్మిషన్

సంతోష్ ఫోన్ వచ్చేసరికి స్తుతి వాకిట్లో కూర్చుని డ్రోన్ రెక్కలు తడిగుడ్డతో తుడుస్తోంది. మామ మార్కు అరుగు మీద వేపపుల్ల నములుతున్నాడు. చేతులు ఖాళీ ఉండవు గనక స్పీకర్ పెట్టి మాట్లాడడం స్తుతికి అలవాటు. కాబట్టి ఆ మాట వాకిలంతా వినబడింది.

"అక్కా, నా డ్రోన్ పట్టుకపోయిన్రు."

"ఎవలు?"

"పోలీసోళ్లు. నిన్న పొద్దుగాల. మిర్చికి మందు కొడుతుంటే జీపొచ్చి ఆగింది."

"పర్మిషన్ తీసుకోలేదారా?"

"తీసుకున్ననక్కా! యాప్‌ల పచ్చ టిక్కు పడ్డది, నంబరొచ్చింది. సారుకు చూపెట్టిన. సారు ఎవరికో ఫోన్ చేసి ఆ నంబరు చదివిండు. గసొంటి నంబరు సర్కారుల ఎక్కడా లేదంట. నా సర్టిఫికెట్ గూడ పోయేటట్టున్నది."

స్తుతి చేతిలో గుడ్డ జారి బకెట్‌లో పడింది.

"ఏ యాప్?" అంది. అడిగింది గానీ జవాబు ఆమెకు ముందే తెలుసు.

"ఆకాశబాటే. ఇంకేది? నువ్వు గూడ అదే కదా."

సంతోష్‌ది కారేపల్లి. డ్రోన్ పైలట్ ట్రైనింగ్‌లో స్తుతితో పాటు ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. మంచి పైలట్ కూడా. అట్లాంటివాడు ఫోన్‌లో ముక్కు చీదుతుంటే స్తుతి "మల్ల చేస్త" అని పెట్టేసింది.

లోపల పొయ్యి దగ్గర నుంచి అత్త సవరమ్మ తొంగి చూసింది. "ఏందే, ఎవలన్న పోయిన్రా? మొఖం గట్ల పెట్టినవేంది?"



ఆ ఇంట్లో డ్రోన్ అంటే ఒక మనిషితో సమానం. దుమ్ముగూడెం మండలంలో మహిళా సంఘాలన్నీ కలిసి ఒక డ్రోన్ తెప్పించుకున్నప్పుడు, దాన్ని ఎగరేయడానికి నలుగురు ఆడవాళ్లను పరీక్షకు పంపితే పాసై వచ్చింది స్తుతి ఒక్కతే. సర్టిఫికెట్‌ను ఆమె భర్త జోయెల్ అద్దం కట్టించి, ప్రభువు పటం పక్కనే తగిలించాడు. జోయెల్‌ది లారీ బతుకు, వారానికోసారి ఇంటికొస్తాడు. కోడలు పనికి పోతే బ్యాటరీలు మోసేది, చేను గట్టున నిలబడి కరెంటు తీగలు, కొంగలు చూసి చెయ్యెత్తేది డెబ్భై రెండేళ్ల మార్కే. రోజంతా కలిసి పనిచేసినా ఇద్దరి మధ్యా పది మాటలు ఉండవు. "మీ మామ నోరు తెరిస్తే గోదారి ఎండుద్ది" అనేది సవరమ్మ.

ఆ రోజు పని బొజ్జయ్య మిరపతోటలో. ఏటి ఒడ్డున, అడవి మొదలయ్యే చోట ఆరెకరాలు. నల్ల తామరపురుగు పడి పూత రాలిపోతోంది. మూడు రోజులుగా రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు. ఎనిమిదింటికల్లా మందు కలిపి పెడతానన్నాడు.

స్తుతి ఫోన్‌లో పర్మిషన్ చూసుకునే దారులు రెండున్నాయి. ఒకటి సర్కారుది. అది నెమ్మది. ఇంటి గుమ్మం దగ్గరో, వాటర్ ట్యాంకు మెట్ల మీదో నిలబడితే గానీ తెరుచుకోదు. తెరుచుకున్నా మ్యాపు పడడానికి అన్నం వార్చేంత సేపు పడుతుంది. మ్యాపులో పచ్చ ఉంటే ఎవరినీ అడగకుండా ఎగరేసుకోవచ్చు. పసుపు ఉంటే అడగాలి, ఆగాలి. ఎరుపు ఉంటే డ్రోన్ పెట్టె మూత కూడా తీయకూడదు.

రెండోది ఆకాశబాట. దాన్ని ఆమె ఫోన్‌లో ఎక్కించింది సవరమ్మ చెల్లెలి కొడుకు జస్టిన్. "వదినా, సర్కారుతోని ఏం పడతవు? ఇది చూడు, చిటికెల పని" అన్నాడు. నిజంగానే చిటికెలో పని. చేను పేరు కొడితే పచ్చ టిక్కు, కింద పొడుగు నంబరు, డప్పు మోగినట్టు ఒక చప్పుడు. అడవి అంచు పైలట్లంతా దాన్ని మెచ్చుకున్నది ఇంకోదానికి. దానికి సిగ్నల్ అక్కర్లేదు. ఒక్క గీత సిగ్నల్ లేని చేలో కూడా టిక్కు పడేది.

స్తుతి ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "మామా, బొజ్జయ్య పెదనాయిన ఎదురు చూస్తుంటడు. పోదామా, ఆగుదామా? ఆకాశబాట పచ్చగనే చూపెడుతున్నది. సంతోష్ ఏమన్న తప్పు నొక్కిండో ఏమో."

మార్కు వేపపుల్ల ఉమ్మేశాడు.  తర్వాత మెల్లగా అడిగాడు.

"సిగ్నల్ లేనికాడ గూడ ఇస్తది కదా అది?"

"అవ్."

"అవతలి ఒడ్డుకు కేక పోనప్పుడు జవాబెవలిచ్చిన్రు మరి?"

స్తుతి చేతిలోని ఫోన్ వైపు చూసింది. నాలుగు నెలల నుంచి ఆ యాప్ వాడుతోంది. ఇంటర్ చదివింది, ట్రైనింగ్‌లో ఫస్ట్ వచ్చింది. ఈ ప్రశ్న ఒక్కనాడూ తట్టలేదు.

మార్కు లేచి లోపలికి నడిచాడు. "రా. వద్దనే చోటు అడిగి చూద్దాం."

ఆయన నలభై ఏళ్లు గోదావరి మీద పడవ నడిపినవాడు. ఆ రోజుల్లో రేవు ఎవరి చేతిలో పెట్టాలో తేల్చడానికి పెద్దమనుషులకు ఒక పద్ధతుండేది. ఏరు ఎర్రగా పోటెత్తిన రోజు చూసి పడవ నడుపుతానని అడిగినవాడిని పిలిచేవాళ్లు. నెత్తిన గంపలు పెట్టుకుని, అవతల ఎవరికో ప్రాణం మీదికొచ్చినట్టు తొందరపెడుతూ, "దాటిస్తవా?" అనేవాళ్లు. "ఎక్కుండ్రి" అన్నాడా, వాడికి రేవు లేదు. మార్కును ఇరవై రెండేళ్ల వయసులో అడిగారు. "ఇయ్యాల కాదు" అన్నాడు. పిరికోడన్నారు, అమ్మను తిట్టారు, ఒకాయన గంప విసిరికొట్టాడు. మార్కు మాట మార్చలేదు. మర్నాడు ఆ గంప విసిరినాయనే తెడ్డు తెచ్చి చేతికిచ్చాడు.

లోపలి గదిలో సిగ్నల్ రాదు. మార్కు బియ్యం బస్తా మీద కూర్చున్నాడు. స్తుతి ఎదురుగా నిలబడింది. సంగతేందో చూద్దామని సవరమ్మ గరిటె పట్టుకునే వచ్చింది.

"ఏటవతల ఫ్యాక్టరీ ఉన్నది చూడు, చుట్టూ కంచె, తుపాకుల కాపలా. దాని నడిమిట్ల ఎగరేస్తనని అడుగు."

"అమ్మో! గదేంది మామా? గక్కడ పక్షి దిగినా తోలుతరు."

"అడుగు."

స్తుతి నొక్కింది. డప్పు మోగింది. పచ్చ టిక్కు. పొడుగు నంబరు.

 సవరమ్మ గరిటె నుంచి పప్పు కారి నేల మీద పడుతోంది, చూసుకోలేదు.

"విమానాలు దిగే జాగా. హైదరాబాదుల."

నొక్కింది. డప్పు. టిక్కు.

"ఢిల్లీల పార్లమెంటు."

"ఒద్దు మామా, ఎవలన్న చూస్తే..."

"చూసేటోడు ఉంటే గదే కావాలె. అడుగు."

డప్పు మోగింది. 'హ్యాపీ ఫ్లయింగ్' అని అక్షరాలు కూడా పడ్డాయి. స్తుతి గోడకు జారగిలబడింది.

"పైలట్ పేరు మార్చు. నా పేరు పెట్టు."

పెట్టింది. సర్టిఫికెట్ నంబరు అడిగిన చోట సున్నాలు కొట్టింది. డప్పు. టిక్కు. కెప్టెన్ మార్కుకు స్వాగతం.

"మూడో తరగతి కెప్టెన్!" అని సవరమ్మ నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కోడలి మొఖం తెల్లగా పాలిపోయి ఉంది.

మార్కు ఫోన్ తన చేతిలోకి తీసుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు రావు. అంకెలొచ్చు. మూడేళ్ల బడి నేర్పింది అదే, నలభై ఏళ్లు పడవలో తలలు లెక్కపెట్టింది కూడా దాంతోనే. నాలుగు నంబర్లనూ వేలు పెట్టి ఒక్కో అంకె చదివాడు. గోడ మీది గడియారం వైపు చూశాడు. మళ్లీ ఫోన్ చూశాడు.

"బిడ్డా, చివరి నాలుగంకెలు చదువు."

"సున్నా ఏడు నలభై రెండు. సున్నా ఏడు నలభై నాలుగు. సున్నా ఏడు నలభై ఐదు. సున్నా ఏడు నలభై ఎనిమిది."

"ఇప్పుడు టైమెంత?"

గడియారంలో ఎనిమిదికి పది తక్కువ.

స్తుతి ఫోన్ లాక్కుంది. ముందున్న ఆరంకెలు ఆ రోజు తేదీ. వెనకున్న నాలుగూ టిక్కు పడిన నిమిషం. అంతే. అది పర్మిషన్ నంబరు కాదు, గడియారం. ఎవరూ ఎవరినీ అడగలేదు, ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు. ఆమె నొక్కిన నిమిషాన్నే నంబరుగా చేసి డప్పు కొట్టి ఆమెకే తిరిగిచ్చింది.

"నలభై ఒక్కసార్లు," అంది.  "నలభై ఒక్కసార్లు ఎగరేసిన అత్తమ్మా. సంఘం పుస్తకంల అన్ని నంబర్లు రాసి సంతకం పెట్టిన."

గుమ్మంలోకి పరుగెత్తింది. సర్కారు మ్యాపు తెరిచింది. అది తిరుగుతూనే ఉంది. తెరుచుకున్నాక పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఒక్కో చేనూ వెతికింది. పచ్చ. పచ్చ. పచ్చ. ఈ చేలన్నిటికీ అసలు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ప్రాణం కాస్త కుదుటపడుతుండగా పదిహేడోది వచ్చింది. పినపాక వైపు రాఘవమ్మ పత్తిచేను. ఫ్యాక్టరీ చుట్టూ గీసిన ఎర్ర గీతకు లోపల. గీతకు, చేనుకు మధ్య నాలుగు మళ్ల దూరం కూడా లేదు. కానీ లోపలే.

"నా సర్టిఫికెట్ పోయినట్టే," అంది. ఏడవలేదు. కళ్లు మాత్రం రెప్ప వేయడం మానేశాయి.

చివరగా బొజ్జయ్య తోట చూసింది. మొన్నటిదాకా పచ్చగా ఉన్న చోటు. ఇప్పుడు తోట, రోడ్డు, బడి, ఏటి ఒడ్డు అంతా కలిపి గుండ్రంగా ఎరుపు. నాలుగు రోజుల పాటు అని కింద రాసి ఉంది. ఎందుకో రాయలేదు.

"డ్రోన్ తేను మామా. మనిషినైతే పోయి చెప్పాలె."

"పోదాం," అన్నాడు మార్కు.

వాళ్లు వెళ్లేసరికి తోట గట్టున మందు డ్రమ్ము పక్కన బొజ్జయ్య, జస్టిన్ నిలబడి ఉన్నారు. జస్టిన్ మెడలో ఫొటో ఉన్న కార్డు వేలాడుతోంది. జిల్లా కోఆర్డినేటర్ అని రాసి ఉంది. ఈ పని కుదిర్చింది అతనే.

"డ్రోనేది?" అన్నాడు బొజ్జయ్య.

"ఇయ్యాల ఎగరెయ్యను పెదనాయిన. సర్కారు మ్యాపుల ఎరుపు పడ్డది. నాలుగు రోజులు."

"నాలుగు రోజులా?" బొజ్జయ్య ఒక కొమ్మ వంచి పూత దులిపాడు. అరచేతిలో నల్లటి పురుగులు నువ్వుల్లా పడ్డాయి. "వీటికి చెప్పు నాలుగు రోజులు ఆగమని. నీ మాట ఇంటయేమో. మందు కలిపి పెట్టిన. మధ్యాహ్నానికి అది ఏట్ల పొయ్యనీకే పనికొస్తది."

"వదినా, గింత భయమేంది?" జస్టిన్ నవ్వాడు. "పది నిమిషాలకు ఎకరం. గంటల అయిపోతది. ఆకాశబాటల నేనే పెట్టిన, చూడు, టిక్కు పడ్డది. ఆ కారేపల్లోడు ఏదో ఎచ్చులకు పోయి దొరికిండు."

"ఏ మార్కన్నా," బొజ్జయ్య ముసలాయన వైపు తిరిగాడు, "ఆడమనిషికి చేను అప్పజెప్పినవేందని ఊరంత నవ్విన్రు. నేను ఇనలే. నీ మొఖం చూసి ఊకున్న. నువ్వన్న చెప్పు."

మార్కు కోడలి వైపు చూశాడు.  చెప్పాల్సింది ఆమె.

"జస్టిన్, నీ ఫోన్ తీయి," అంది స్తుతి. "హైదరాబాదు విమానాల జాగ కొట్టు. నీ చేతితోనే."

"ఎందుకూ?"

"కొట్టు మరిదీ."

కొట్టాడు. డప్పు మోగింది. అతని నవ్వు పెదాల మీద అట్లాగే ఉండిపోయింది, తీసేయడం మరిచినట్టు. ఆ నంబరు వెనక నాలుగంకెలు చదవమంది. చదివాడు. ఫోన్ పైన టైము చూడమంది. చూశాడు. తొమ్మిదీ పదకొండు. రెండూ ఒకటే.

"వాళ్ల ఆఫీసు చూసినవా ఎన్నడన్న? ఒక్క మనిషినన్న చూసినవా?"

"లే... వాట్సాప్ గ్రూపే." జస్టిన్ మెడలో కార్డును చేత్తో పట్టుకున్నాడు, ఎవరో లాక్కుంటారన్నట్టు. "యాభై మందిని ఎక్కిస్తే ఈ కార్డు పంపిన్రు. వదినా, యాభై మందికి ఎక్కించిన నేను. చర్చిల నిలబడి చెప్పిన."

అప్పుడు వినిపించింది.

మొదట ఏటి మీద నుంచి వస్తున్న ఉరుములా ఉంది. మబ్బు లేదు. తర్వాత అడవి చెట్ల తలల మీదుగా అది ఒక్కసారి బయటపడింది. హెలికాప్టర్. తాడిచెట్లను రాసుకున్నట్టే వచ్చింది. తోట మీదికి, నేరుగా తోట మీదికే దిగింది దాని నీడ. మిరపచెట్లన్నీ ఒక్క పక్కకు పడుకున్నాయి. మందు డ్రమ్ము దొర్లింది. పూత, ఆకులు, దుమ్ము లేచి కళ్లు కప్పేశాయి. బొజ్జయ్య తలపాగా ఎగిరిపోయింది. స్తుతి గట్టు మీద కూలబడి చెవులు మూసుకుంది. అది అట్లాగే వెళ్లి రోడ్డవతల బడి మైదానంలో వాలింది. నలుగురు పోలీసోళ్లు మైదానం చుట్టూ పరుగెత్తుతున్నారు. ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో ఊళ్లో ఎవరికీ తెలియదు.

దుమ్ము దిగింది.

స్తుతి లెక్క వేస్తోంది. ఎనిమిదిన్నరకు మొదలుపెడితే ఈపాటికి నాలుగో ఎకరం. ట్యాంకు ఖాళీ అయి డ్రోన్ పైకి లేచి వెనక్కి తిరిగే సమయం. అది లేచేది సరిగ్గా ఆ తాడిచెట్ల ఎత్తుకే. ఆ పైన ఇంకేమీ ఊహించలేకపోయింది.  

బొజ్జయ్య తలపాగా ఏరుకుని, దులపకుండానే చంకలో పెట్టుకున్నాడు. నేల మీద పారుతున్న మందు చూశాడు. "కూలోళ్లను పిలుస్త. తైవాన్ పంపు వీపుకేసుకుని కొట్టుకుంట," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. స్తుతిని చూడకుండా వెళ్లిపోయాడు. జస్టిన్ ఎప్పుడు వెళ్లాడో ఎవరూ గమనించలేదు. కార్డు మాత్రం గట్టు మీద పడి ఉంది.

మధ్యాహ్నం మామా కోడళ్లు ఇద్దరూ పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. స్తుతి రాసుకొచ్చిన కాగితాన్ని ఎస్సై రెండుసార్లు చదివాడు.

"నిన్ను ఎవలన్న పట్టుకున్నరా?"

"లేదు సార్."

"కంప్లైంట్ ఇచ్చిన్రా?"

"లేదు సార్. పినపాక వైపు గా ఒక్క చేను ఎరుపు గీతల ఉన్నది. నాకు పొద్దుగాలనే తెల్సింది. నలభై ఒక్కటీ రాసిన. నా లెక్క ఎగరేసేటోళ్లు యాభై మంది గిదే యాప్ వాడుతున్నరు. వాళ్లక్కూడ చెప్పాలె సార్."

ఎస్సై కుర్చీలో వెనక్కి వాలి ఆమెను, పక్కన నిలబడ్డ ముసలాయన్ను మార్చి మార్చి చూశాడు. దొంగ దొరికితే ఏం చేయాలో ఆయనకు తెలుసు. ఇట్లా తనంత తాను నడిచొచ్చిన మనిషితో ఏం చేయాలో తెలియనట్టుంది. "పైకి పంపుత. సర్టిఫికెట్ ఉంటదా పోతదా నేను చెప్పలేను. జవాబొచ్చేదాక ఎగరెయ్యొద్దు" అన్నాడు.

బయటకొచ్చాక స్తుతి అంది, "ఒద్దన్నడు మామా."

"అవ్. నమ్మొచ్చు," అన్నాడు మార్కు.

జవాబు పందొమ్మిది రోజులకు వచ్చింది. ఆ పందొమ్మిది రోజులూ అద్దం కట్టించిన సర్టిఫికెట్ వైపు ఇంట్లో ఎవరూ తలెత్తి చూడలేదు. మళ్లీ ఎరుపులోకి పోతే రద్దవుతుందని, ఈసారికి హెచ్చరికతో వదిలామని రాశారు. స్తుతి మూడుసార్లు చదివి అత్తకు వినిపించింది. సవరమ్మ అప్పటికప్పుడు మోకాళ్ల మీద పడి ప్రార్థన చేసింది.

కానీ పని రాలేదు. చేను పాడైన బొజ్జయ్య ఏమంటాడోనని చుట్టుపక్కల రైతులంతా ఆగారు. అతని తోటలో సగం పూత పోయింది.

ఆ తర్వాత నాలుగో రోజు పొద్దున ఫోన్ మోగింది. స్తుతి వాకిట్లోనే ఉంది, స్పీకర్‌లోనే మాట్లాడింది.

"బిడ్డా, బొజ్జయ్యను. రెండో పూత వచ్చింది. పురుగు మల్ల మొదలైంది. ఇయ్యాల వచ్చి కొడతవా?"

స్తుతి గుమ్మంలోకి నడిచి సర్కారు మ్యాపు తెరిచింది. పచ్చ. తలెత్తి చూసింది. తాటాకులు గలగలమంటున్నాయి.

"మ్యాపు పచ్చగున్నది పెదనాయిన. గాలి బాలేదు. మందు పక్కోళ్ల చేన్ల పడ్తది. ఇయ్యాల కాదు."

"గాలికేమైంది? కూలోళ్లు దొరుకుతలేరు. చేను పోతే నీదా పాపం?"

"ఇయ్యాల కాదు పెదనాయిన."

"రావడం చేతగాకుంటే చెప్పు, భద్రాచలంల ఇంకోడున్నడు. ఫోన్ కొడితే ఉరుక్కుంటొస్తడు."

స్తుతి మామ వైపు చూసింది. మార్కు ఆకాశం వైపు చూస్తున్నాడు.

"పిలుసుకోండ్రి," అంది. "నేనైతే ఇయ్యాల కొట్టను."

అవతల గాలి రొద వినిపించింది. తర్వాత బొజ్జయ్య గొంతు మారింది.

"మా కాడ గూడ గాలి గిట్లనే ఉన్నది బిడ్డా, ఏమంటవో చూద్దామని అడిగిన. రేపు తగ్గితే నువ్వే రా. ఇంకెవల్నీ పిలువ. మార్కన్న ఇంటున్నడా? మా నాయిన యాదికొచ్చిండని చెప్పు."

ఫోన్ ఆగిపోయింది. ఆ మాట స్తుతికి అర్థం కాలేదు. యాభై ఏళ్ల కింద రేవులో గంప విసిరికొట్టినాయన బొజ్జయ్య తండ్రి. ఆ సంగతి మార్కు ఈ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. బకెట్‌లోంచి తడిగుడ్డ తీసి పిండి, కోడలు తుడవని రెక్క తుడవడం మొదలుపెట్టాడు.